నాయన న్యూట్రల్

మా నాయనకు న్యూట్రల్ అంటే ప్రాణం. కంబదూరు, కళ్యాణదుర్గం మధ్య ముప్పై ఏళ్లు డీజిల్ జీపు తోలిన మనిషి. దిగుడు వచ్చిందంటే చాలు, గేరు తీసి న్యూట్రల్‌లో పడేసి, స్టీరింగు మీద రెండు వేళ్లు ఆనించి, లోపల పదిహేనుమంది, పైన ఇంకో అయిదుగురు ఉన్న బండిని గాలికి వదిలేసేవాడు. రైలు గేటు పడినా న్యూట్రలే, టీ కొట్టు దగ్గర ఆగినా న్యూట్రలే. అట్లా మిగిల్చిన డీజిల్‌తోనే నన్ను చదివించానని ఇప్పటికీ చెప్పుకుంటాడు. నేను చదివింది ఇంటరు దాకానే కాబట్టి ఎంత మిగిలిందో మీరే ఊహించుకోండి.

ఆ న్యూట్రల్ మొన్నటి ఎండాకాలంలో మా ఇంట్లో చేసిన రచ్చ అంతా ఇంతా కాదు.

జీపుకు వయసు అయిపోయి పాత ఇనుము వాళ్లు తీసుకుపోయాక, నేను బెంగళూరులో నాలుగేళ్లు క్యాబ్ తోలి దాచుకున్నదానితో ఒక పాత హైబ్రిడ్ కారు కొని ఇంటికి తెచ్చాను. దానికి పెట్రోలు ఇంజను ఒకటి, పెద్ద బ్యాటరీ ఒకటి. రెండూ పని పంచుకుంటాయి. బండి ఆగితే ఇంజను కూడా తనంతట తాను ఆగిపోతుంది, ఏసీ మాత్రం బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది. బ్యాటరీ తగ్గిందంటే ఇంజను మళ్లీ తనే లేచి దాన్ని నింపుతుంది. ఒక్కటే షరతు, న్యూట్రల్‌లో పెట్టి కూర్చోకూడదు. న్యూట్రల్‌లో ఇంజనుకూ బ్యాటరీకీ మాటలుండవు. ఏసీ తాగుతూ పోతుంది, నింపే దిక్కు ఉండదు.

మొదటి రోజే చెప్పాను. "ఆగినప్పుడు పార్కింగ్‌లో పెట్టాల నాయనా. న్యూట్రల్ వద్దు."

"నిలబడిన బండికి న్యూట్రల్ గాక ఇంగేం పెడ్తారు?"

"ఇది జీపు గాదు."

"నాలుగు చక్రాలుండాయా లేదా?" అని కారు చుట్టూ ఒకసారి తిరిగి లెక్కపెట్టి మరీ చూశాడు. "ఉండాయి. ఇంగ నాకు నేర్పద్దు."

అమ్మ గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మా అమ్మ పేరు ఎస్తేరు, ఎవరి పక్షమూ వహించదు, ఇద్దరినీ సమానంగా అంటుంది. "మీ నాయన పెండ్లి రోజు చర్చిలో కూడా న్యూట్రల్‌ల్నే నిలబన్యాడు. పాస్టరు రెండుతూర్లు అడిగితే గాని ఊ అనలే," అంది.

కారు అద్దం కింద చిన్న టీవీలాంటి తెర ఒకటి ఉంటుంది. బ్యాటరీలో ఎంత ఉందో ఎనిమిది గీతల్లో చూపిస్తుంది. అవి మినుకు మినుకుమంటుంటే రోడ్డు కనబడటం లేదని నాయన తన తువ్వాలు తీసి దాని మీద పరిచాడు. బండికి ముసుగేసి తోలే డ్రైవరును నేను అంతవరకూ చూడలేదు.

*

పని హనుమంతప్ప దగ్గర దొరికింది. ధర్మవరం అవతల ఆయనకు చాకీ కేంద్రం ఉంది. పట్టుపురుగుల గుడ్లు తెచ్చి పొదిగించి, పసి పురుగులను పది రోజులు సాకి రైతులకు ఇస్తాడు. రెండో జ్వరం దాటగానే పురుగులు రైతు షెడ్డుకు చేరాలి. జ్వరం అంటే జబ్బు కాదు. పొర విడిచే ముందు పురుగు మేత మానేసి, తల ఎత్తుకుని, కదలకుండా ఒక రోజు ఉండిపోతుంది. లేచాక దానికి ఆకలి మామూలుగా ఉండదు. ఆ మొదటి మేత రైతు దగ్గరే పడాలి. మా ఎండల్లో ఆ ప్రయాణమే గండం. లోపల వేడెక్కిందంటే నలభై వేల పురుగులు నూలుపోగుల్లా వాలిపోతాయి. అందుకని ఆయన ఏసీ బండి వెతుకుతున్నాడు.

హనుమంతప్ప కారు చూసి మెచ్చుకున్నాడు. వెనక సీట్లు మడిస్తే ట్రేలన్నీ పడతాయన్నాడు. తర్వాత నా వైపు చూసి నాయనతో మాట్లాడాడు.

"ఇమ్మానుయేలూ, నువ్వు తోల్తే ఇస్తా. ఆడపిల్ల చేతికి ఇన్నివేల ప్రాణాలు ఈయలేనప్పా."

"బెంగళూరులో నాలుగేండ్లు తోలినా అన్నా," అన్నాను నేను.

"ఆడ మనుషుల్ని తోలినావు. మనుషులు ఎండకు తట్టుకుంటారు."

నాయన ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు మండింది. బండి నాది, పేరు ఆయనది. సరే, పని దొరకడం ముఖ్యం అనుకుని పక్క సీట్లో కూర్చున్నాను. మార్చి, ఏప్రిల్ నెలలు అట్లాగే నడిచాయి. నేను పక్కన ఉన్నంతసేపూ ఆగినప్పుడల్లా గేరు లివరు న్యూట్రల్‌లోకి పోవడం, నేను దాన్ని పార్కింగ్‌లోకి జరపడం. ఒక్కోరోజు గేటు దగ్గర ఇద్దరి చేతులూ దాని మీద ఒకేసారి పడేవి. పురుగులు మాత్రం చల్లగా చేరాయి.

మే మొదటి వారంలో కిరాయి బండి తోలేవాళ్లకు ఇచ్చే డ్రైవింగు బ్యాడ్జీ పని మీద నేను అనంతపురం పోవలసి వచ్చింది. ఆరోజే రామాంజులు అనే రైతుకు లోడు. పురుగులు ఆలస్యంగా లేవడంతో బండి పదకొండుకు బయల్దేరింది. ధర్మవరం రైలు గేటు పడింది. ఒక గూడ్సు, దాని వెనక ఇంకో గూడ్సు. నాయన న్యూట్రల్‌లో పెట్టి, ఏసీ ఎక్కువ చేసి, సీటు వెనక్కి వాల్చుకున్నాడు. తువ్వాలు కింద గీతలు ఒక్కొక్కటే పోయాయి. బండి మధ్యలో కూతలు పెట్టిందట. సీటు బెల్టు కోసం అరుస్తోందనుకుని బెల్టు పెట్టుకున్నాడట. ముప్పావు గంటకు ఏసీ ఆగింది. గేటు లేచింది, బండి మాత్రం లేవలేదు.

ఫోను రాగానే బయల్దేరి, నేను బస్సు దిగి పరుగెత్తుకుపోయేసరికి హనుమంతప్ప, రామాంజులు అక్కడే ఉన్నారు. ట్రేలు రోడ్డు పక్క వేపచెట్టు నీడలో పరిచి ఉన్నాయి. రామాంజులు ఒక ట్రే ముందు గొంతుక్కూర్చుని కొత్తిమీర కట్టను విదిలించినట్టు పురుగులున్న కాగితాన్ని మెల్లగా కదిలిస్తున్నాడు. ఒక్క పురుగూ కదల్లేదు. నేను కారులోకి తొంగి చూశాను. తువ్వాలు తెర మీదే ఉంది. లివరు న్యూట్రల్‌లో ఉంది.

"బండి మోసం చేసిందన్నా," అంటున్నాడు నాయన హనుమంతప్పతో. "బ్యాటరీ చెడిపోయినట్టుండాది. పాపకు తెలీదని పాత బండి అంటగట్టినారు."

అబద్ధం చెప్పడం కాదు. ఆయన నిజంగా అట్లాగే నమ్మాడు. ఇంజను చేతికి అందకుండా పోవడం ఆయన ముప్పై ఏళ్లలో చూడనిది. నా నోటి దాకా మాట వచ్చింది. హనుమంతప్ప ముందు మా నాయనను నిలబెట్టి ఆ మాట అనలేకపోయాను. ఆ చేతగానితనం మీద నాకే కోపం వచ్చింది.

హనుమంతప్ప రామాంజులుకు వేరే పురుగులు ఇస్తానని మాట ఇచ్చాడు. మా వైపు తిరిగి, "ఈ బండి ఇంగ వద్దప్పా. వేరే బండి చూసుకుంటా. వచ్చే వారం మీ కంబదూరు నాగలక్ష్మమ్మ లోడు ఒక్కటి ఉండాది, అంతలోపల ఇంగోటి దొరికేతట్టు లేదు. అది చేర్చి మానుకోండి. దాంట్లో గూడా ఏమన్నా అయితే చుట్టుపక్కల యాడా మీకు లోడు ఉండదు," అన్నాడు.

కారును లారీ మీద ఎక్కించి అనంతపురం పంపి, పెద్ద బ్యాటరీకి చార్జింగు పెట్టించి తెచ్చుకున్నాం. బండికి ఏ లోపమూ లేదని అక్కడి మెకానిక్కు చెప్పాడు. నాయన వినలేదు. అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"బయట చెప్పకుమ్మా. మీ నాయనకు ఆ పేరొక్కటే ఉండాది."

"నా బండికి పేరు అక్కర్లేదా?"

అమ్మ కంచం ముందుకు జరిపింది. నాకు ఒక ముద్ద ఎక్కువ వడ్డించింది.

*

నాగలక్ష్మమ్మ పురుగులు ఎక్కించుకుని ఉదయం ఎనిమిదికి బయల్దేరాం. ఆమె అప్పటికే రెండుసార్లు ఫోను చేసింది. బోరు ఆగి ఆగి పోస్తోందని, ఈ ఆకు ఈ పంటకే చాలుతుందని, మళ్లీ మల్బరీ చిగురు పెట్టేంత నీళ్లు ఇక రావని చెప్పింది. ఈ పురుగులు చేరితే ఆమెకు ఆ ఏడు గడుస్తుంది. చేరకపోతే ఆకు మేకలకు వేయాలి. మాకు సంగతి ఇంకా సులభం, ఇది పోతే నా కారు కంబదూరులో బస్టాండు ముందు బొమ్మలా నిలబడుతుంది.

రామగిరి దాటి, గాలిమరలు కనబడే మలుపు తిరిగామో లేదో రోడ్డు మీద రంగురంగుల బిందెలు. ముప్పై నలభైమంది ఆడవాళ్లు ఖాళీ బిందెలు అడ్డంగా పెట్టి కూర్చున్నారు. ఊరికి ట్యాంకరు రాక వారమైందట. అధికారి వచ్చి మాట ఇచ్చేదాకా చీమను కూడా పోనివ్వమన్నారు. మా వెనక అప్పటికే ఒక బస్సు, రెండు లారీలు ఆగిపోయాయి. వెనక్కి తిప్పుకునే దారి లేదు. టైము తొమ్మిదిన్నర, ఎండ అప్పుడే బానెట్టు మీద దోసె పోసేటట్టు ఉంది.

నాయన హ్యాండ్‌బ్రేకు వేశాడు. చెయ్యి అలవాటు ప్రకారం లివరును న్యూట్రల్‌లోకి తోసింది.

"పార్కింగ్," అన్నాను.

"మల్లా మొదలుపెట్టద్దు పాపా."

ఆరోజు నేను లివరు జోలికి పోలేదు. తెర మీది తువ్వాలు తీసి మడిచి ఆయన ఒళ్లో పెట్టాను. "ఆరు గీతలుండాయి. నేనేం మాట్లాడను. నువ్వే చూడు. మూడుకొస్తే మాత్రం నేను చెయ్యేస్తా."

నేనేదో పెద్ద ధైర్యస్తురాలినని కాదు. మూడు గీతల దాకా పురుగులకు ఏమీ కాదని నాకు తెలుసు. బెంగళూరు ట్రాఫిక్కులో నాలుగేళ్లు ఆ గీతలనే చూస్తూ బతికాను. చెప్తే విననివాడు చూస్తే వింటాడేమోనని నా ఆశ.

అయిదుకు వచ్చింది. నాయన కిటికీ అవతలికి చూస్తున్నట్టు నటిస్తూ మధ్యమధ్యలో తెర చూస్తున్నాడు. అప్పుడే ఒక ముసలామె వచ్చి నా వైపు అద్దం కొట్టింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. అద్దం దించాను. ఆమె లోపలి చల్లదనం తగలగానే వెనక ట్రేల వైపు చూసింది.

"ఏముండాయి దాంట్లో?"

"పట్టుపురుగులవ్వా."

"పురుగులకు ఏసీ యేసినారా," అంది ఆమె. "మాకు తాగను నీల్లు లేవు."

కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు అంది. నేను దిగి, మా నీళ్ల క్యాను ఆమెకిచ్చి, నా సీట్లో కూర్చోబెట్టి తలుపు వేశాను. ఆమె పేరు అక్కమ్మ. లోపల ఏం జరిగిందో తర్వాత ఆమే చెప్పింది.

"ఆ గీతలేందప్పా?" అని అడిగిందట.

"బ్యాటరీ అవ్వా. దీంట్లో నాలుగుండాయి."

"ఇందాక అయిదుండె."

నాయన ఒళ్లోని తువ్వాలును ఇంకో మడత మడిచాడట.

"మా బోరు కూడా ఇట్లనే," అందట అక్కమ్మ. "తోడేది ఉండాది గానీ, ఊరేది లేదు. నీదాంట్లోకి ఊరేది యాడ్నుంచి?"

నేను బయట బానెట్టు పక్కన నిలబడి ఉన్నాను. బండి కూత పెట్టడం నాకు వినబడింది. మూడు గీతలు. ముందు అద్దంలోంచి నాయన నా వైపు చూశాడు. నేను చెయ్యేస్తానన్న మాట గుర్తుంది. తలుపు దగ్గరికి పోలేదు. ఎందుకు పోలేదని అడిగితే ఇప్పటికీ సరిగా చెప్పలేను. ఆయన యాక్సిలరేటరు తొక్కాడు. జీపు అయితే గర్జించేది. ఇది చప్పుడు చేయలేదు. మళ్లీ తొక్కాడు. వెనక నలభై వేల పురుగులు, అక్కడ నాగలక్ష్మమ్మ కోసిపెట్టిన ఆకు. ఇంకొక్క నిమిషం చూద్దామనుకున్నాను.

నాయన చెయ్యి లివరు మీదికి పోయింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత దాన్ని పార్కింగ్‌లోకి జరిపి చెయ్యి తీసేసుకున్నాడు.

నా అరచెయ్యి కింద బానెట్టు సన్నగా అదిరింది. ఇంజను లేచింది.

నేను లోపలికి చూడకుండా ఆడవాళ్ల పక్కన పోయి కూర్చున్నాను. చూస్తే ఏడుపొచ్చేది, ఏడిస్తే ఎందుకో వాళ్లకు చెప్పుకోవడం కష్టం.

ఆ రాస్తారోకో గంటన్నర నడిచింది. ఇంజను కాసేపు నడిచి, గీతలు ఆరు కాగానే ఆగి, నాలుగుకు దిగగానే మళ్లీ లేచి, ఎవరినీ అడక్కుండా తన పని తాను చేసుకుంది. అక్కమ్మ దిగాక ఇంకో ఇద్దరు ముసలివాళ్లు వంతులవారీగా కూర్చున్నారు. చివరికి అధికారి వచ్చాడు, ట్యాంకరు కూడా వెంటే వచ్చింది. దాన్ని కళ్లతో చూసి ముట్టుకున్నాకే బిందెలు లేచాయి. మాకు దారి ఇస్తూ అక్కమ్మ కిటికీలోంచి నాయనతో, "బండి శానా తెలివైందప్పా. దాని పని దాన్ని చేసుకోనియ్," అంది.

బండి కదిలాక నాయన గడ్డంతో తెర వైపు చూపించాడు.

"ఏడుతూర్లు లేచింది," అన్నాడు.

"ఊ."

"నేను ముట్టుకోలే."

"ఊ."

 కంబదూరు ముందర దిగుడు వచ్చింది. ముప్పై ఏళ్లు ఆయన జీపును గాలికి వదిలిన దిగుడు. లివరు మీదికి చెయ్యి పోలేదు. దిగుడులో గీతలు ఒక్కొక్కటే ఎక్కుతుంటే చూసి, "ఈడ గూడా నింపుకుంటాదా?" అని మాత్రం అడిగాడు. గేరులో ఉంటేనే నింపుకుంటుందని చెప్పాను. ఎన్నేళ్ల దిగుళ్లు వృథా చేశానో అన్నట్టు నాలుక చప్పరించాడు. జీపుకు బ్యాటరీ లేదు కదా నాయనా అని ఓదార్చవలసి వచ్చింది.

*

నాగలక్ష్మమ్మ షెడ్డు బయటే నిలబడి ఉంది. పసుపు రాసుకున్న కాళ్లకు మట్టి, నెత్తిన తడిగుడ్డ. మమ్మల్ని పలకరించకుండానే ట్రేల మీద కాగితాలు తీసింది. పురుగులు ఇంకా జ్వరంలో ఉన్నట్టే తలలెత్తుకుని ఉన్నాయి. కదులుతున్నాయో లేదో నాకు తెలియలేదు. ఆమె సన్నగా తరిగిన ఆకు చల్లింది. నలుగురం ట్రేల మీదికి వంగి నిలబడ్డాం, ఆమె మొగుడు కూడా బీడీ ఆర్పేశాడు.

కాసేపటికి షెడ్డులో సన్నటి చప్పుడు మొదలైంది. తాటాకు కప్పు మీద తుంపర పడుతున్నట్టు. మా సీమలో ఆ చప్పుడు పురుగుల దగ్గర తప్ప ఆ ఏడు ఎక్కడా వినలేదు.

"తింటాండాయి," అంది నాగలక్ష్మమ్మ, కొంగుతో మొహం తుడుచుకుని. అది చెమటో మరొకటో నేను అడగలేదు.

హనుమంతప్ప ఫోను వచ్చింది. నాయన చేతులకు ఆకు తడి ఉందని స్పీకరులో పెట్టాను.

"ఏమప్పా ఇమ్మానుయేలూ, చేరినాయా?"

"చేరినాయన్నా. బాగుండాయి. మేత పట్టినాయి." నాయన చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. "ఇంగో మాటన్నా. ఆ పొద్దు రామాంజులు పురుగులు సచ్చింది బండి తప్పు గాదు. నేను న్యూట్రల్‌ల పెట్టినా. పాప మొదట్నుంచీ వద్దంటానే ఉన్న్యాది. నేనే ఇనలే."

ఫోనులో అవతల ఎవరో పురుగులకు ఆకు తరుగుతున్న కత్తి చప్పుడు వినబడింది. నాయన ఇంత మాట ఎవరి ముందూ అనగా నేను వినలేదు, అదీ నాగలక్ష్మమ్మ, ఆమె మొగుడు ముందు. ఆయన నా వైపు చూడలేదు. నాకు ఆయన మీద అంత ప్రేమ ఎప్పుడూ రాలేదు.

"అట్లయితే బండి మంచిదే," అన్నాడు హనుమంతప్ప చివరికి. "రేపట్నుంచి జాగ్రత్తగా తోలు మరి."

"నేను గాదు. పాప తోల్తాది."

"ఆడపిల్లప్పా..."

"బండి ఆమెది. బండి సంగతి తెలిసింది గూడా ఆమెకే. నేను పక్కన కూర్చుంటా. ఇష్టమైతే లోడు ఇయ్, లేకుంటే లేదు."

హనుమంతప్ప ఆలోచించి చెప్తానన్నాడు. మరుసటి రోజు పొద్దున్నే ఫోను చేసి లోడు టైము చెప్పాడు, నాయనకు కాదు, నాకు. ఆ సాయంత్రమే నాయన బస్సెక్కి రామాంజులు ఊరికి పోయి ఆయనకు కూడా తన నోటితోనే చెప్పి వచ్చాడు. ఆయనేమన్నాడని అడిగితే, "మజ్జిగ ఇచ్చినాడు," అన్నాడు. దానికి అమ్మ, "చర్చిలో ఊ అన్నెంక, మీ నాయన సొంతంగా గేరు మార్చింది ఇదే," అంది.

జూను పదో తారీఖున మొదటి వాన పడింది, గట్టిగా కాదు, దుమ్ము అణిగేంత. నేను తోలడం మొదలుపెట్టాక అది మూడో లోడు. ధర్మవరం గేటు పడింది. నేను బ్రేకు మీద కాలు పెట్టానో లేదో పక్క సీట్లోంచి గొంతు వచ్చింది.

"పార్కింగ్‌ల పెట్టినావా?"

"పెట్టినా నాయనా."

నమ్మలేదు. భుజం మీది తువ్వాలు సర్దుకుని, వంగి లివరు చూసి, గీతలు చూసి, అప్పుడు గాని సీటుకు ఆనుకోలేదు. ఇప్పటికీ గేటు పడినప్పుడల్లా అదే ప్రశ్న. నేనూ ఇప్పటికీ అదే జవాబు చెప్తాను, ఆయన వంగి చూసుకునేదాకా ఆగుతాను.